పొగ పోయిన బొగ్గు

మా ఇంట్లో ఈ సంగతి వచ్చినప్పుడల్లా తలా ఒక సంవత్సరం చెబుతారు. మా చిన్నమ్మాయి 1953 అంటుంది. మా తోటికోడలి కొడుకు పోలీసు చర్యకు ముందే అంటాడు. రెండూ తప్పే. మా పెద్దవాడు పుట్టింది 1949 మే నెలలో. మా మోటారుకు బొగ్గు పొయ్యి బిగించింది వాడు పాకే రోజుల్లో, అంటే ఆ ఏడు చలికాలం. అది ఆగిపోయింది మరుసటి వానాకాలంలో. ఆ పొయ్యి దగ్గర గాలి తిప్పింది నేను. కాబట్టి నా మాటే ఖాయం.

మోటారు అంటే ఇప్పటి లారీ అంత పెద్దది కాదు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక పైకప్పు లేని చెక్క తొట్టి. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన బండిని మా ఆయన వేలంలో కొన్నాడు. మా ఊరు లక్షెట్టిపేట నుంచి మంచిర్యాల పోయే తోవలో ఉంది. చుట్టుపక్కల ఊళ్ల పత్తి, కందులు, మిరప బస్తాలు మంచిర్యాల స్టేషనుకు చేర్చడం, వచ్చేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు, మనుషులను ఎక్కించుకొని రావడం ఆయన పని.

ఆ పనిలోకి ఆయన ఎందుకు వచ్చాడో కూడా చెప్పాలి. మా మామ బెల్లంపల్లి వైపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. గనిని మేము బాయి అంటాము. ఒకరోజు పైకప్పు కూలి అందులోనే పోయాడు. అప్పటికే మా బావ, అంటే మా ఆయన అన్న, అదే బాయిలో దిగుతున్నాడు. దినాలు కాగానే మా అత్త చిన్నకొడుకును ఒక దొర దగ్గర డ్రైవరు పని నేర్చుకోమని పంపింది. "మొగన్ని ఇచ్చిన, పెద్దోన్ని ఇచ్చిన, వీన్ని మాత్రం బాయికి ఇయ్య" అన్నదట. నేను కాపురానికి వచ్చిన నాడు నాకు చెప్పిన మొదటి మాట కూడా అదే. ఉన్న చెలక భూమి అమ్మి మోటారు కొన్నాము. మోటారు నడిచినన్నాళ్లు ఆయన నేల మీద ఉంటాడు. ఆగిన రోజు ఆయనకు మిగిలేది బాయి ఒక్కటే.

ఆ రోజుల్లో పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవారు. దసరా తర్వాత తాలూకా కచేరీలో మా కూపన్లు సగానికి కోశారు. దీపావళి నాటికి మిగిలిన సగంలో సగం. సర్కారు బండ్లకు, బస్సులకు పోగా ఉంటే మాకు. వారంలో నాలుగు రోజులు మోటారు వాకిట్లో నిలబడేది. మా ఆయన ఎవరి పొలంలోనో కూలికి పోయి వచ్చి, తినకుండా దాని మెట్టు మీద కూర్చునేవాడు.

కరీంనగర్‌లో ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడని, యుద్ధం రోజుల్లో బస్సులకు బొగ్గు పొయ్యిలు బిగించాడని ఎవరో చెప్పారు. మా ఆయన పోయి ఆయనను తీసుకొచ్చాడు. పాడుబడ్డ ఒక బస్సు నుంచి ఊడదీసిన ఇనుప పీపాను రాయపట్నం రేవులో పడవ మీద గోదావరి దాటించారు. మనిషి ఛాతీ ఎత్తు పీపా. దాన్ని మోటారు తొట్టిలో ఎడమ మూలన నిలబెట్టి బోల్టులు వేశారు. అడుగున నిప్పు, పైన నింపిన బొగ్గు. అక్కడి నుంచి గొట్టం బండి కిందుగా పోయి, కొబ్బరి పీచు కూరిన ఒక పెట్టెలో గాలిని వడకట్టి, ఇంజనుకు చేరుతుంది.

"గిది ఎట్ల నడుస్తది తాతా?" అని నేను అడిగాను.

"పెట్రోలు తాగే జానవరుకు గాలి తాగుడు నేర్పుతున్న బేటీ" అన్నాడు. "బొగ్గుకు గాలి జర తక్కువ ఇయ్యాలె. తక్కువిస్తే సగమే కాలుతది. మిగిలిన సగం గాలిల కలిసి వస్తది. గా గాలే ఇంజన్ల మండుతది."

ఆయన రెండు సంగతులు గట్టిగా చెప్పాడు. ఒకటి, పొయ్యి రాజేసేటప్పుడు బండి ఆరుబయట ఉండాలి. ఆ గాలికి వాసన ఉండదు, మనిషిని పడగొడుతుంది. రెండోది, కట్టె బొగ్గే వేయాలి, ఎండుది, నిమ్మకాయంత ముక్కలు. "రాయి బొగ్గు వద్దు. దాని పొగల జిగట ఉంటది. ఇంజను ఖరాబైతది."

పొద్దున్నే నిప్పు వేసి, పక్కనున్న చక్రం చేత్తో తిప్పుతూ గాలి ఊదాలి. ఆ పని నాది. చంకలో పిల్లవాడు, ఒక చేత్తో చక్రం. ఇంజను దగ్గర ఒక చిన్న కొళాయి ఉండేది. కాసేపయ్యాక దాన్ని తిప్పి అగ్గిపుల్ల చూపించేవాడు మా ఆయన. నీలం మంట నిలబడిందంటే గాలి పక్వానికి వచ్చినట్టు. అప్పుడు చెంచాడు పెట్రోలుతో ఇంజను లేపి, దాన్ని గాలి మీదికి మళ్లించేవాడు. మైలుకు ముప్పావు సేరు బొగ్గు పట్టేది. సేరు పట్టిందంటే ముక్కలు పెద్దవైనట్టు; నేను కూర్చొని మళ్లీ కొట్టేదాన్ని.

పెట్రోలు మీద ఉన్నంత బలం ఉండేది కాదు. చిన్న గడ్డ ఎక్కాల్సి వచ్చినా జనం దిగి నెట్టాలి.

"ఏమయ్యా, కిరాయి మేం నీకియ్యాల్నా, నువ్వు మాకిస్తవా?" అనేవారు.

"నెట్టినోళ్లకు వచ్చేటప్పుడు బొగ్గుల మీద మక్క కంకులు కాల్చిస్త, ఎక్కుండ్రి" అనేవాడు ఆయన. ఆ చలికాలం ఆయన నోట హాస్యం వినబడింది. మా అత్త మోటారు పోయేదాకా వాకిట్లో నిలబడి చూసి, లోపలికి వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకునేది.

మా కట్టె బొగ్గు అడవిలోని బట్టీల నుంచి వచ్చేది. ఉగాది తర్వాత ఆ అడవి కాంట్రాక్టు చేతులు మారింది. కొత్త కాంట్రాక్టరు బట్టీల బొగ్గు మొత్తం రైలుకెత్తి పట్నం పంపించాడు. మాకు గంపెడు కూడా దొరకలేదు. నేను చేట పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, పొయ్యిలో నీళ్లు చల్లి ఆర్పిన నిప్పులు అడిగి తెచ్చాను. ఊరంతా తిరిగితే ఒక్క మంచిర్యాల ప్రయాణానికి సరిపోలేదు. గింజలు వలిచిన మక్క బెండ్లు కాల్చి చూశాము, అవి బూడిదయ్యాయి. జ్యేష్ఠంలో మోటారు మళ్లీ వాకిట్లో నిలబడింది. బాయిలో కొత్తవాళ్లను తీసుకుంటున్నారని తెలిసింది. మా ఆయన ఆ మాట మా ముందు ఎత్తలేదు. కానీ ఒకరోజు తన చెప్పులు పక్కన పెట్టి, చీకటి గదిలో గోడ పట్టుకొని వంగి నడుస్తుంటే చూశాను. బాయిలో నడిచే నడక అలవాటు చేసుకుంటున్నాడు.

ఆ ఆదివారం మా బావ వచ్చాడు. రైల్లో మంచిర్యాల దాకా, అక్కడి నుంచి ఎవరి ఎడ్లబండిలోనో, రెండు బస్తాల రాయి బొగ్గు తెచ్చాడు. పనివాళ్లకు వంటకిచ్చే బొగ్గు అది. నెలల తరబడి ఇంట్లో మిగిల్చి దాచాడట. కూర్చోగానే దగ్గు. దగ్గు ఆగాక అన్నాడు:

"ఏం తమ్మీ, మేం బొగ్గు మీద కూసున్నోళ్లం. నువ్వు అడివిల బొగ్గు ఏరుకునుడేంది?"

"రాయి బొగ్గు వద్దన్నడు కదనే మిస్త్రీ. పొగల జిగటున్నదట."

"పొగల కదా ఉన్నది? పొగ తీసేద్దాం." బావ నవ్వి నా వైపు తిరిగాడు. "ఏం పిల్లా, మీ అక్క వంట ఎట్ల చేస్తదో చూసినవా లేదా?"

చూశాను. బాయి లైన్లలో, అంటే గని పనివాళ్ల ఇళ్ల వరుసల్లో, మా తోటికోడలూ మిగతా ఆడవాళ్లూ అందరూ ఒకే తీరుగా చేస్తారు. పచ్చి బొగ్గును వాకిట్లో కుప్పపోసి రాజేస్తారు. పసుపు పచ్చటి పొగ దట్టంగా లేస్తుంది. అది పూర్తిగా ఆగేదాకా ఉంచి, నీళ్లు చల్లి ఆర్పి, ఆరిన బొగ్గును ఇంట్లో పొయ్యికి వాడతారు. ఆ బొగ్గుతో వండితే గిన్నె అడుగు కూడా నల్లబడదు.

"గిన్నెకు అంటంది ఇంజనుకు అంటుతదా?" అన్నాడు బావ.

మాది రెండు తరాలుగా బొగ్గు చూసిన ఇల్లు, ఆ మాట మాకు సబబుగానే తోచింది. మిస్త్రీని అడుగుదామంటే ఆయన గోదావరి అవతల. బావ చొక్కా విప్పి తానే కుప్ప పేర్చాడు. "నువ్వు బాయి లోపటికి రాకు తమ్మీ. నా పానం ఉన్నన్నాళ్లు నీకు బొగ్గు నేను తెచ్చిస్త" అన్నాడు. పొగ ఆగేదాకా కుప్ప దగ్గర నుంచి లేవలేదు.

మరునాడు పొయ్యి రాజేశాము. కొళాయి దగ్గర మంట నీలంగా, నిటారుగా నిలబడింది. ఇంజను కట్టె బొగ్గు కంటే బలంగా లాగింది. వాగు గడ్డ దగ్గర జనం అలవాటుగా దిగబోతే, "కూసోండ్రి, కూసోండ్రి" అని మా ఆయన ఆపాడట. సాయంత్రం వచ్చి ఆ మాట మా అత్తకు రెండుసార్లు చెప్పాడు. ఆమె ఆ రోజు కడుపునిండా తిన్నది. ఆషాఢమంతా మోటారు నడిచింది. బావ రెండుసార్లు వచ్చి బస్తాలు దించి, పొగ తీసి, టీ తాగి పోయాడు.

శ్రావణంలో రెండు రోజులు ముసురు పట్టింది. మూడో నాడు పొద్దున నేను చక్రం తిప్పాను, కొళాయి దగ్గర మంట వచ్చింది. మా ఆయన ముందుకు పోయి హ్యాండిలు వేసి తిప్పాడు. కదలలేదు. రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి తిప్పాడు. లోపల ఏదో టక్కుమన్నది. ఆయన హ్యాండిలు వదిలేసి చేతుల వైపు చూసుకున్నాడు.

మిస్త్రీ కోసం పోతే రాయపట్నం దగ్గర గోదావరి నిండుగా ఉంది, పడవ లేదు. తిరిగి వచ్చి, తానే ఇంజను మూత విప్పాడు. లోపల నల్లటి జిగురు, బెల్లం ముదురు పాకం లాగా. ఇంజను వేడిగా ఉన్నంతసేపు అది కరిగే ఉంటుంది. చల్లబడితే గట్టిపడి గాలి వచ్చిపోయే వాల్వులను పట్టేస్తుంది. వాటిని బలవంతంగా కదిలిస్తే, వాటిని నెట్టే రెండు కడ్డీలు వంగిపోయాయి. పొగ పోయిన బొగ్గులో జిగట పోలేదు. కంటికి కనబడేది మాత్రమే పోయింది.

ఇంట్లో ఉన్న కిరసనాయిలంతా అందులోనే పోశాము. దీపం లేకుండా పొద్దుండగానే తిన్నాము. ఆయన గీకుతుంటే నేను తుడిచాను. నేను గీకుతుంటే ఆయన పట్టుకున్నాడు. కమ్మరి ఆ కడ్డీలను నిప్పులో పెట్టి సాపు చేశాడు. "నేను నాగళ్లు చేసేటోన్ని. గిది నిలుస్తదో లేదో నన్నడుగకు" అన్నాడు. మళ్లీ బిగించాము. దాచిన చివరి పెట్రోలు పోసి లేపితే ఇంజను లేచింది. ఒక్క సిలిండరు పలకడం లేదు, అయినా లేచింది. మా అత్త గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కందుల బస్తాలు ఎక్కించుకొని ఆయన బయలుదేరాడు.

వాగు దగ్గర గడ్డ ఎక్కుతూ ఎక్కుతూ ఇంజను లోపలే బిగుసుకుపోయింది. మధ్యాహ్నానికి రెండు జతల ఎడ్లు మోటారును లాక్కొచ్చాయి. ఆయన స్టీరింగు పట్టుకొని కూర్చొని ఉన్నాడు, నడుపుతున్నట్టే. వాకిట్లోకి వచ్చాక కూడా చాలాసేపు దిగలేదు.

నేను దగ్గరకు పోయి, "దిగుతవా?" అన్నాను.

"దిగుడే కదా ఇగ" అన్నాడు.

బావకు కబురు పోయింది. వచ్చి ఇంజను దగ్గర నిలబడి, ఆ జిగురు వేలికి రాసుకొని చూసుకున్నాడు. లోపలికి వచ్చి మా అత్త ముందు నేల మీద కూర్చున్నాడు. నా వల్లనే అని ఆయన అనలేదు, మేమూ అనలేదు. అంటే ఆయన అక్కడి నుంచి లేవగలిగేవాడు కాదు.

"బాయిల పని ఇచ్చే సర్దారుతోని మాట్లాడిన అవ్వా" అన్నాడు చివరికి. "తమ్మున్ని నా జోడే పెడుతనన్నడు. నా పక్కనే ఉంటడు. కంటికి రెప్పలెక్క చూసుకుంట. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

మా అత్త వద్దంటుందని నేను అనుకున్నాను. వద్దంటే మేము ఏం తింటామన్నది నాకూ తెలియదు, అయినా వద్దనాలని కోరుకున్నాను.

"నీ జోడు వద్దు" అన్నది. "ఇద్దరు ఒక్కతాన ఉండద్దు. ఒకడు లోపలుంటే ఒకడు పైన ఉండాలె. గట్లైతెనే పంపుత."

బావ తల వంచుకున్నాడు. "గట్లనే అవ్వా" అన్నాడు.

ఆ వారమే మేము బాయి లైన్లకు పోయి బావ ఇంటి పక్క గదిలో దిగాము. బావది పొద్దటి షిఫ్టు, మా ఆయనది మాపటి షిఫ్టు. అన్నదమ్ములు కలిసేది బాయి మొగదల, లోపలికి దిగే చోట మాత్రమే, ఒకరు ఎక్కి వస్తుంటే ఇంకొకరు దిగబోతూ. "లోపల ఎట్లున్నదే?" అని ఈయన, "ఇంటికాడ ఎట్లున్నది?" అని ఆయన అడిగేవారట. ఇద్దరూ "మంచిగనే ఉన్నది" అనేవారట. షిఫ్టులు మారే వారం వచ్చినప్పుడల్లా మా అత్త పొద్దున్నే లేచి, ఎవరు ఎప్పుడు దిగుతున్నారో ఇద్దరినీ విడివిడిగా అడిగేది. ఆమె బతికినన్నాళ్లు వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా కలిసి దిగలేదు.