బంగారు పిల్లి

అడవి జంతువులను గమనించడం నా ఉద్యోగమని చెప్తే అందరూ అడిగేది ఒకటే, ఏమేం చూశారని. పెంటికలు చూశాను. బురదలో అడుగులు చూశాను. తల కొరికేసిన చేపలు చూశాను. జంతువు మాత్రం దాదాపు ఎప్పుడూ కనిపించదు. అది జమ్ము గడ్డిలో దాక్కుని నన్ను చూస్తుంది, నేను అది నడిచిపోయిన దారిని చూస్తాను. ఇన్నేళ్లుగా ఇదే వరస.

ఆ ఏడాది నాకు అప్పగించింది బావురు పిల్లిని. చేపలు పట్టి తినే అడవి పిల్లి అది. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, ఒంటినిండా నల్ల మచ్చలు, చిన్న గుండ్రటి చెవులు, పొట్టి తోక. డెల్టాలో చెరువుల పక్కన, మురుగు కాలవల వెంట పెరిగిన జమ్ములో బతుకుతుంది. పొద్దున్నే భవానీపురంలో సిటీ బస్సెక్కి, బెంజ్ సర్కిల్లో దిగి, కంకిపాడు బస్సు కోసం నిలబడేసరికే నాకు సగం ఓపిక అయిపోయేది. కంకిపాడు దాటాక షేర్ ఆటో, ఆ తర్వాత గట్ల మీద నడక, సాయంత్రానికి మోకాళ్లు వాచిపోయేవి. మా అమ్మీ ఇంట్లో ఉర్దూనే మాట్లాడుతుంది, తిట్టడానికి మాత్రం తెలుగు వాడుతుంది. "కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటే? నువ్వు పిల్లిని వెతుకుతున్నావా, నువ్వే పిల్లివైపోయావా?" అనేది.

నాకు మంచి అడుగులు దొరికింది ఒక చేపల చెరువు గట్టు మీద. ఆ చెరువును కౌలుకు చేసే పెద్దాయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. ఆయన నన్ను మేడం అనేవారు. ఆ పిల్లికి ముందు కుడి కాలి వేలొకటి పక్కకు వంగి ఉంది, ఎప్పుడో విరిగి అతుక్కున్నట్టు. ఆ వంకర వేలు పుణ్యమా అని ఏ గట్టు మీదైనా దాన్ని గుర్తుపట్టేదాన్ని. నీటి అంచున అది చేప కోసం కాచుకున్న చోట వెనక పాదాలు బురదలోకి బాగా దిగబడి ఉండేవి. అంతసేపు కదలకుండా ఎలా కూర్చుంటుందో అనుకునేదాన్ని. ఒక్కసారి దాన్ని ప్రాణంతో, కళ్లారా చూడాలని ఉండేది. ఉద్యోగానికి దాంతో పనిలేదు, అడుగులూ పెంటికలూ చాలు. అయినా ఉండేది.

ఒకరోజు వెళ్లేసరికి గట్టు మీద జనం పోగయ్యారు. జమ్ములో మచ్చల వీపు ఒకటి కదలడం ఎవరో చూశారట. చిరుతపులి పిల్ల అన్నారు. అప్పటికే ఎక్కడిదో చిరుత వీడియో మన ఊరి చెరువేనంటూ ఫోన్లలో తిరుగుతోంది. బాబాయ్ గారు మోటారు షెడ్డు నుంచి కరెంటు తీగ లాగి గట్టు పొడవునా కడుతున్నారు. ఆ తీగకు తగిలితే పిల్లయినా ఒకటే, పులయినా ఒకటే.

"అది పులి కాదు బాబాయ్ గారూ, పిల్లి," అన్నాను.

"అంత పిల్లి ఉంటదా మేడం? రోజూ శీలావతి చేపల్ని సగం సగం కొరికి పారేస్తంది. ఏదైతే నాకేంటండీ, పోయేది నా చేపలేగా."

చట్టం గురించి, ఈ జాతి ఎంత తగ్గిపోయిందన్న దాని గురించి నేను చెప్పాల్సిన పాఠం ఒకటుంది. ఎన్నో గట్ల మీద చెప్పాను. వినేవాళ్లు తలాడిస్తారు, మనం వెనక్కి తిరగ్గానే తీగ కట్టుకుంటారు. ఆ పూట పాఠం చెప్పే శక్తి లేక నోటికొచ్చింది అనేశాను. "కట్టుకుంటే కట్టుకోండి. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలంటారు కదండీ. ఇంత పిల్లికి ఎంత బంగారం పడుతుందో చూసుకోండి మరి."

భవానీపురంలో మా పక్కింటి పిన్నిగారి దగ్గర చిన్నప్పుడు విన్న మాట అది. వీధిలో ఎవరి స్కూటర్ కిందైనా పిల్లి పడితే ఆవిడ గుమ్మంలోకి వచ్చి మరీ ఆ మాట గుర్తుచేసేది.

జనం నవ్వారు. "ఇవాళ్టి రేటుకి చెరువులో చేపలన్నీ అమ్మినా చాలదు బాబాయ్," అన్నారెవరో. ఆయన మాత్రం నవ్వలేదు. నన్ను నీటి అంచుకు తీసుకెళ్లి అడుగులు చూపించమన్నారు. వంగి, చాలాసేపు చూశారు. "పిల్లి అడుగే," అన్నారు చివరికి. వెళ్లి తీగ చుట్టేశారు. ఆ రోజు నుంచి ఆ ఊళ్లో ఎవరూ దాన్ని పులి అనలేదు.

ఆ తర్వాత నాకు కొత్త బాధ మొదలైంది. ఆయనకు అది తరచూ కనిపించేది. "ఇందాకే వచ్చి పోయిందండీ. చెయ్యి ముంచి చేపని అట్టా లాగేసిందండీ, చిన్నపిల్లలు లాగినట్టు," అని చెప్పేవారు. నేను వెళ్లే వేళకు ఖాళీ గట్టు. నేను చెట్టుకు కట్టిన కెమెరాలో ఒకసారి చెవి పడింది, ఒకసారి మసగ్గా వీపు. ఆయన మీద నాకు నిజంగా ఈర్ష్యగా ఉండేది. చేపలు పోయినందుకు తిట్టుకుంటూనే, అది రాని రోజున ఇవాళ రాలేదండీ అని దిగులుగా చెప్పేవారు.

వానలు పడ్డాక మోకాళ్ల నొప్పులతో కొన్నాళ్లు మంచం దిగలేదు. అప్పుడు బాబాయ్ గారు ఫోన్ చేశారు. "మేడం, ఒకసారి రండి." అంతే, పెట్టేశారు.

జమ్ము వైపు గట్టుకు నైలాను వల కట్టి ఉంది. తీగ తీసేశాక చేపల్ని కాపాడుకోవడానికి ఆయన పట్టుకొచ్చి కట్టుకున్న వల. అందులో మెడా ముందుకాళ్లూ చిక్కుకుని, సగం నీళ్లలో చచ్చి పడి ఉంది బావురు పిల్లి. మచ్చలు తడిసి ఇంకా నల్లగా కనిపించాయి. నేను దాన్ని చూడటం అదే మొదటిసారి. కుడి కాలు చేతిలోకి తీసుకుని వంకర వేలు తడిమాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"వలే కదా, అడ్డం ఉంటదంతే అనుకున్నా," అన్నారు బాబాయ్ గారు. "కరెంటు పీకేశాను కదండీ. ఇది కూడా నా మీదకే వస్తదా?"

"మీరు కావాలని చంపలేదు కదా బాబాయ్ గారూ."

"ఆ సంగతి పిల్లికి తెలవదు కదమ్మా," అన్నారు.

రావాల్సిన అటవీ శాఖ ఆఫీసర్లు వచ్చారు, చూసి పట్టుకెళ్లారు. దాన్ని నేను మళ్లీ చూడలేదు.

దసరా వెళ్లాక ఒక ఉదయం బాబాయ్ గారు అడ్రసు కనుక్కుంటూ మా ఇంటికొచ్చారు. జేబులోంచి చిన్న డబ్బా తీశారు. అందులో వేలెడంత పిల్లి, బందరులో చేయించిన రోల్డ్ గోల్డ్. "అసలు బంగారం నావల్ల కాదండీ. పంతులుగారికి ఇవ్వబోతే, అడవి పిల్లికి దానం అక్కర్లేదు, ఇంటి పిల్లికైతేనే అన్నారు. నాకు మనసొప్పలా. దాని తరఫు మనిషి ఎవరా అనుకుంటే మీరే కనపడ్డారు."

అమ్మీ టీ పెట్టి ఇచ్చింది. ఇంట్లో ఒక్క బొమ్మను కూడా ఉంచనివ్వని మనిషి, ఆ డబ్బా తీసుకెళ్లి బీరువాలో తన చీరల మధ్య పెట్టింది. అప్పటికే నేను బొమ్మను చూసేశాను. చెవులు కోసుగా, తోక పొడుగ్గా, పైకి మెలి తిరిగి ఉంది. అచ్చం ఇంటి పిల్లి.

"అలాగే ఉందాండీ?" అని అడిగారు బాబాయ్ గారు, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని. ప్రాణంతో దాన్ని చూసింది ఆయనే. అయినా నన్నే అడిగారు.

అలాగే ఉందండీ అన్నాను.