నేను తిప్పని బాతుగుడ్లు

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను. పెద్ద నేరమేమీ కాదు. వింటే మీరు నవ్వుతారేమో కూడా. కానీ నన్ను ఎంతో ఇష్టపడ్డ ఒక మనిషి, ఆ ఇష్టంలో సగం నేను చేయని పనికి ఇచ్చింది. తెలిసీ తీసుకున్నాను. ఇప్పటికీ తీసుకుంటూనే ఉన్నాను.

అప్పుడు నేను అడిలైడ్‌లో చదువుకుంటున్నాను. మాసన్ లేక్స్ అనే పేటలో, యూనివర్సిటీకి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక ఆంటీ ఇంట్లో గది తీసుకున్నాను. ఆంటీది కొల్లేరు పక్క ఊరు. భర్త పోయారు, కూతురు సిడ్నీలో రౌస్ హిల్‌లో ఉంటుంది. వృద్ధుల హోమ్‌లో నర్సు ఉద్యోగం, ఆదివారమైతే చర్చి. మాదేమో గుడ్డు గడప తొక్కని ఇల్లు. ఆ సంగతి తెలిసిన రోజే ఆంటీ నాకోసం కొత్త మూకుడు, కొత్త గరిటెలు కొని పై అరలో విడిగా పెట్టింది. చేపల పులుసు వండిన రోజు స్టవ్వు, గట్టు శుభ్రంగా కడిగాకే నన్ను వంటింట్లోకి పిలిచేది.

చిన్నప్పుడు వాళ్లమ్మ బాతులు పెంచేదట. ఆ అరుపులు వినక ఎన్నాళ్లయిందో అనేది. కూతురికి నెలలు నిండుతున్నప్పుడు ఆంటీకి ఒక సరదా పుట్టింది. పుట్టబోయే బిడ్డ తన పెరట్లో బాతుల వెంట పరుగెత్తాలి. పొదిగించే గుడ్లను పోస్టులో పంపే బాతుల ఫారం ఒకటి వెతికి పట్టుకుంది. డజను గుడ్లు, ఒక్కొక్కటీ మెత్తగా చుట్టి వచ్చాయి. ప్రయాణం చేసొచ్చాయి కాబట్టి ఒక రోజు కదపకుండా ఉంచి, తర్వాత లాండ్రీ గదిలో పొదిగే పెట్టెలో పేర్చింది. ప్రతి గుడ్డుకీ ఒక పక్క ఇంటూ గుర్తు, రెండో పక్క సున్నా పెన్సిల్‌తో గీసింది. అది చవకరకం పెట్టె. గుడ్లను రోజూ మనమే చేత్తో తిప్పాలి. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకి అతుక్కుపోతుంది.

అంతలో కూతురికి నొప్పులు ముందే వచ్చాయి. ఆంటీ హడావిడిగా సిడ్నీ బయలుదేరింది. గుడ్లు నాకు అప్పగించడానికి ఎంత మొహమాటపడిందో! ఇంకెవరినైనా అడుగుతానంది. నేనే, పర్వాలేదు ఆంటీ, నేను చూసుకుంటాను అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

గిన్నెలు తోమే గ్లౌజులు తొడుక్కుని పెట్టె మూత తీశాను. ఒక గుడ్డు మీద వేలు పెట్టాను. వెచ్చగా ఉంది. చల్లగా ఉంటుందనుకున్నానేమో, ఆ వెచ్చదనం గ్లౌజులోంచి తగిలేసరికి ఒళ్లు జలదరించింది. మూత పెట్టేశాను. సాయంత్రం తిప్పుదాంలే అనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను. ఆ తర్వాత రోజూ అంతే. తేమ కోసం పెట్టెలో నీళ్లు మాత్రం పోస్తూ వచ్చాను, దానికి గుడ్డు ముట్టుకోనక్కర్లేదు కదా. నీళ్లు చాలేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చాలవని తెలుసు. తెలిసీ ఎలా ఊరుకున్నాను? అసహ్యమా? అంత దూరాన ఉన్న అమ్మకి తెలిసిపోతుందన్న భయమా? ఆంటీ ఫోన్ చేసినప్పుడల్లా తిప్పుతున్నాననే చెప్పాను. ప్రాణం తీయకూడదని గుడ్డు ముట్టని ఇంట్లో పుట్టి, ముట్టకుండానే అన్ని ప్రాణాలు తీశాను.

ఆంటీ తిరిగొచ్చే రోజు పొద్దున, ఆవిడ గరిటె ఒకటి తీసుకుని గుడ్లన్నిటినీ దొర్లించాను. ఇంటూలు కిందికి పోయి సున్నాలు పైకి వచ్చాయి. ఇది మాత్రం భయంతో చేసింది కాదు, ఆలోచించి చేసిన పని.

ఆంటీ బ్యాగు కూడా దించకుండా లాండ్రీ గదిలోకి వెళ్లింది. మూత తీసి చూసింది.

"చేత్తోనే తిప్పావా అమ్మా?"

"చేత్తోనే ఆంటీ."

"గ్లౌజులు ఏసుకున్నావా?"

"లేదాంటీ, జారిపోతాయని."

ఆ రెండో అబద్ధం అవసరమే లేదు. ఆంటీ నా చేతులు రెండూ పట్టుకుంది. "మీ అమ్మకి తెలిస్తే నన్ను తిట్టుద్దేమో. సారీ రా తల్లీ," అంది. ఆమె కళ్లలో నీళ్లు.

రోజులు నిండాక ఒక్క గుడ్డే పిల్ల అయింది. మిగతా గుడ్లను ఆంటీ టార్చి లైటు పెట్టి చూసి, ఇంకో రెండు రోజులు ఆగి, చివరికి నిమ్మచెట్టు కింద పాతిపెట్టింది. పోస్టులో కుదుపులకి పాడై ఉంటాయంది. అవునాంటీ అన్నాను.

ఆ ఆదివారం నన్నూ చర్చికి తీసుకెళ్లింది. అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పింది. గుడ్డు ముట్టని పిల్ల తనకోసం బాతుగుడ్లు చేత్తో తిప్పిందని, ఆ చేతుల్ని చూసే దేవుడు ఒక్క ప్రాణాన్నైనా నిలిపాడని. అందరూ నావైపు తిరిగి నవ్వారు. నేను తల దించుకున్నాను. అణకువ అనుకున్నారు.

ఆ తర్వాత నేను కుమిలిపోయానంటే అబద్ధమవుతుంది. హాయిగా ఉన్నాను. ఒంటరి పిల్లకి తోడుగా ఆంటీ ఇంకో రెండు బాతుపిల్లల్ని తెచ్చింది. బట్టలు ఆరేస్తుంటే మూడూ నా కాళ్ల చుట్టూ తిరిగేవి. ఒకరోజు మా పెట్టెలో పుట్టిన పిల్లని ఉత్త చేతుల్లోకి తీసుకున్నాను, అదీ వెచ్చగానే ఉంది. ఈసారి వదలబుద్ధి కాలేదు. చదువు అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. నా జీవితంలో మంచి రోజులు అవే.

ఇప్పుడు నేను బ్రిస్బేన్‌లో ఉంటున్నాను. ఈమధ్య ఆంటీని చూడటానికి వెళ్తే, నా పాత గదిలో కొత్త స్టూడెంట్ అమ్మాయి ఉంది. ఆంటీ ఆమెకి నన్ను చూపిస్తూ గుడ్ల కథ మొదలుపెట్టింది. కథ కాస్త పెరిగింది కూడా. నేను అలారం పెట్టుకుని తెల్లారగట్ల లేచి తిప్పేదాన్నట. టీ తాగుతూ విన్నాను. కాదనలేదు.

నిజం చెబితే ఆంటీ ఏమంటుంది? కోప్పడదు. పిచ్చిపిల్లా అని నవ్వేస్తుంది. మరి ఎందుకు చెప్పను? చర్చిలో ఆవిడ చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోతుందని చాలాకాలం అనుకున్నాను. అదీ సాకే. ఆ కథ వినడం నాకిష్టం. అందులో ఉన్న అమ్మాయిని ఆంటీ చూసే చూపు నాకిష్టం. ఆ అమ్మాయి నేను కాదు. ఇంతవరకూ ఈ మాట ఎవరితోనూ అనలేదు, మీతో అన్నాను. కొంచెం తేలిగ్గా ఉంది.