డిలియా పాటలో చోటు

డిలియా హెషన్‌ది గాల్వే పల్లెలో మాంసం కొట్టు. కొట్టుకన్నా పెద్ద ఆస్తి ఒక పాట. 1916 ఐరిష్ తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్లు వేల్స్‌లోని ఫ్రాంగోక్ శిబిరంలో పెట్టిన బందీల్లో ఆమె తాత హ్యూబర్ట్ ఒకడు. పాట అక్కడే కట్టాడు. దాన్ని ఇంట్లో ఒకరే పాడాలి. వాళ్లు బతికుండగా ఇంకొకరు ఎత్తుకోరు.

శిబిరంలో తాతతోపాటు ఒకే పాకలో ఉన్నవాళ్ల పేర్లన్నీ పాటలో వరసగా వస్తాయి. డిలియా తండ్రి మొహమాటస్థుడు. ఎవరింట చావుకు వెళ్లినా ఆ ఇంటి పెద్దాయన్ని పాటలోకి ఎక్కించి వచ్చేవాడు. ఇప్పుడు అంతమందీ ఆ పాకలో పట్టాలంటే ఒకరి మీద ఒకరు పడుకోవాలి.

నూరేళ్ల సందర్భంగా ఊరివాళ్లు ఓడ మీద సముద్రం దాటి ఫ్రాంగోక్‌కు వెళ్లడానికి బస్సు మాట్లాడుకున్నారు. తాత పాడిన చోట ఒక్కసారి పాడాలని డిలియా జీవితమంతా అనుకుంది. ఉత్సవ సంఘం పెద్ద జెరార్డ్ ఫాహీ అడ్డం పడ్డాడు.

“మా తాత పేరు కూడా ఉండాలి డిలియా. లేదంటే బడిపిల్లల చేత పాడిస్తాం,” అన్నాడు, సాసేజీలు తూయించుకుంటూ.

“మీ తాత వేల్స్ ఎప్పుడెళ్లాడయ్యా? ఆవుల కొట్టం అటకెక్కి కూర్చున్నాడుగా.”

“అరెస్టుకి సిద్ధంగానే ఉన్నాడు. వాళ్లే రాలేదు.”

డిలియా మేనత్త బ్రైడీ దగ్గరికి వెళ్లింది. హ్యూబర్ట్ పాడుతుండగా విన్నవాళ్లలో మిగిలింది ఆవిడే.

“ఇంకో పేరు ఎక్కడ ఇరికించనత్తా?”

“అసలు అందులో పేర్లే లేవే పిచ్చిదానా. లండన్ నుంచొచ్చిన మనవాళ్లు కొందరుండేవాళ్లు. ఎవరెవరో తెలిస్తే లాక్కెళ్లి ఇంగ్లీషు సైన్యంలో పడేస్తారని, హాజరు పిలిస్తే ఎవడూ పలికేవాడు కాదు. అలాంటిచోట మా నాన్న పేర్లన్నీ చదువుతూ పాట కడతాడా? అదంతా మీ నాన్న నిర్వాకం.”

“తాత పేరు కూడానా?”

“మొదట ఎక్కించింది అదే.”

బ్రైడీ పాత పాట పాడి వినిపించింది. సిపాయిలు పిలుస్తారు, ఎవరూ పలకరు. అంతే పాట. తన తాత పేరు కూడా పోయిందని డిలియాకు కష్టంగానే అనిపించింది. అయినా నేర్చుకుంది.

“మా తాతకి ఎంత చోటుందో మీ తాతకీ అంతే ఉంటుంది,” అని జెరార్డ్‌తో చెప్పింది. అతను పొంగిపోయి ఒప్పుకున్నాడు.

ఫ్రాంగోక్‌లో, రోడ్డు పక్కన, చినుకుల్లో పాడింది. జనం కబుర్లు మొదలుపెట్టేలోపే పాట అయిపోయింది. తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడితే, జెరార్డ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

“అచ్చం మా తాతే. చచ్చినా నోరు విప్పేవాడు కాదు.”

“మీ తాతేంటి, అందరికన్నా ముందు నోరు మూసుకున్నది మా తాత,” అన్నారెవరో వెనకనుంచి.

తిరుగు ఓడ ఎక్కేసరికి అది తగువైంది. తీర్పు కోసం అందరూ డిలియా చుట్టూ చేరారు.

“పాట నీది కదా, నువ్వే చెప్పు. మొదట పలకనిది ఎవరి తాత?”

డిలియా పలకలేదు.