డబ్బాలో నాలుగు ఉత్తరాలు

ఎనభైల మధ్యలో ఒక జనవరి ఒకటో తారీఖున మా అక్కకు నేనొక మాట ఇచ్చాను. ఇచ్చిన మాటలన్నీ గుర్తుంచుకునే రకాన్ని కాదు నేను. ఇదొక్కటి మాత్రం ఎంత మరిచిపోదామన్నా పోవడం లేదు.

అప్పుడు నేను మహారాష్ట్ర సరిహద్దు ఊరు సిరోంచలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. ఇంట్లో, వాడలో, అంగట్లో మాట్లాడేదంతా తెలుగే. బడి మాత్రం మరాఠీ. గడ్చిరోలిలో కాలేజీ చదువూ మరాఠీలోనే సాగింది. తెలుగులో తిట్టగలను, బేరమాడగలను, కలలు కనగలను. తెలుగు అక్షరం ఎదురైతే మాత్రం వేలిముద్రవాణ్ణి. మా ఈడువాళ్లందరిదీ అదే కథ కాబట్టి అదొక లోటని ఎవరికీ తోచేది కాదు. కూలికి పోయినవాళ్ల కొడుకు కుర్చీలో కూర్చున్నాడని వాడంతా చెప్పుకునేది. అందరికంటే ఎక్కువగా అక్క చెప్పుకునేది. నేను పలక పట్టుకుని బడికి పోయిన రోజుల్లో ఆమె అడవిలో బీడీ ఆకు కోసింది మరి.

అక్కను గోదావరి అవతలి ఊరికి ఇచ్చారు. కాపురం పొసగలేదు. కులపెద్దలు కూర్చుని విడదీశారు. కూతురు తండ్రి దగ్గరే ఉండాలన్నారు, అక్క ఆ ఊరి పొలిమేర తొక్కకూడదన్నారు. పిల్లకు అప్పుడు ఎనిమిదేళ్లు. అక్క మా ఇంటికి వచ్చేసింది. ఆ తీర్పు చెప్పిన వాళ్లలో మా నాన్న కూడా ఒకడు. నా కోపం ఇప్పటికీ తీరలేదు కానీ, ఈ కథలో పెద్ద దోషం ఆయనది కాదు.

రెండేళ్ల తర్వాత ఒక దసరాకు ఆ పిల్ల బాపమ్మ, అంటే తండ్రి తల్లి, ఎవరికీ చెప్పకుండా పిల్లను కాళేశ్వరం రేవుకు తీసుకొచ్చింది. అక్క పడవలో అవతలికి పోయి కూతురిని కలిసి వచ్చింది. పిల్ల తెలుగు బడిలో చదువుతోందనీ, ఉత్తరాలు రాస్తుందనీ ముందే కబురు తెలిసి, ఐదు ఇన్‌ల్యాండ్ కవర్లు కొని ప్రతిదాని మీదా మా అడ్రసు నేనే రాసిచ్చాను. అక్క వాటిని పిల్లకిచ్చింది, రాసి పోస్టు డబ్బాలో వేస్తే చాలు.

మొదటి కవరు కార్తీకంలో వచ్చింది. పైన నా చేతిరాతే, లోపలున్నది నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అక్క దాన్ని కిరాణా దుకాణానికి తీసుకుపోయింది. ఆ షావుకారు మంచిర్యాల వైపు నుండి వచ్చినవాడు, తెలుగు వచ్చు. బెల్లం తూస్తూ, బేరానికి వచ్చినవాళ్లందరూ వింటుండగా పేపరు చదివినట్టు గట్టిగా చదివాడు. చిన్నమ్మ, అంటే తండ్రి రెండో భార్య, తలకు నూనె పెట్టడం లేదని పిల్ల రాసింది. సాయంత్రానికల్లా బోరింగు దగ్గర ఆడవాళ్లంతా అక్క మీద జాలి పడడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చి అక్క కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగింది.

అది చూసిన నెలకు జనవరి వచ్చింది. మా ఆఫీసులో మరాఠీ మిత్రుడొకడు అందరికీ డైరీలు పంచి, మొదటి పేజీలో తలా ఒక సంకల్పం రాయమన్నాడు. ఒకాయన బీడీ మానేస్తానన్నాడు. ఒకాయన తెల్లవారుజామునే లేస్తానన్నాడు. నేను పాడ్వాలోగా తెలుగు అక్షరాలు నేర్చుకుంటానని మరాఠీలో రాశాను. వాళ్ల పాడ్వా, మన ఉగాది ఒకటే రోజు. ఇంటికొచ్చి దర్జాగా అక్కకు చదివి వినిపించాను.

"ఇగ నువ్వు ఆ దుకాణం మెట్లెక్కకు అక్కా. ఉగాదికల్లా పిల్ల ఉత్తరాలు నేనే చదువుత."

"నిజమేనా తమ్మీ? నీకొస్తదా?"

"బీఏ చేసినోనికి అ ఆలు రావా ఏంది?"

అక్క ముఖం వెలిగింది. ఆ వెలుగు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అవతలి ఒడ్డు నుండి అ ఆల పుస్తకం తెప్పించాను. అచ్చులు అయ్యాయి, హల్లులు సగం అయ్యాయి. గుణింతాల దగ్గర తలనొప్పి మొదలైంది. ఆఫీసు వదిలాక వాలీబాల్ ఉంది, టూరింగ్ టాకీసు ఉంది. జనవరి నెలాఖరుకు పుస్తకం పెట్టె మీదికి ఎక్కింది. ఫిబ్రవరిలో రెండో కవరు వచ్చింది. అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసి, అటూ ఇటూ తిప్పి, నా వైపు చూసింది.

"ఈ ఒక్కటి దుకాణంలో చదివించుకో అక్కా" అన్నాను.

"వద్దు. నువ్వు నేర్చుకుంటున్నవ్ గద, తొందరేంది? నువ్వు చదివినప్పుడే ఇప్పుదాం. ముందే ఇప్పితే పాతదైపోతది."

విప్పకుండానే బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాను బియ్యం గుమ్మి మీద పెట్టింది.

సరిహద్దు మీద బతికేవాడికి కొత్త సంవత్సరాలకు కొదువ లేదు. జనవరిది తప్పితే, అది ఇంగ్లీషువాళ్లది, మనది ఉగాది కదా అనుకున్నాను. ఉగాది నాడు వేపపువ్వు నోట్లో వేసుకుని, బడులు తెరిచే జూన్‌లో పిల్లలతో పాటే మొదలుపెడతానన్నాను. జూన్‌లో వానలు. వానల తర్వాత, అక్షరాలు దిద్దించేది దసరాకే కదా అన్నాను. షావుకార్లు దీపావళికి కొత్త పుస్తకం తెరుస్తారని కూడా నాకు గుర్తొచ్చింది. ఎవరి సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో నాకు తెలిసినంతగా పంచాంగం చెప్పేవాడికి కూడా తెలియదు.

ఆలోగా డబ్బాలో నాలుగు కవర్లు చేరాయి. నాలుగోది, అంటే మేమిచ్చిన ఐదింట్లో ఆఖరుది, తొలకరిలో వచ్చింది. తర్వాత ఒక్కటీ రాలేదు. గోదావరి నిండుగా పారినన్నాళ్లూ, పడవలు బందున్నాయి, తపాలా ఆగిందేమో అనుకుంది అక్క. నీళ్లు తగ్గాయి, పడవలు తిరిగాయి. అయినా రాలేదు. అక్క పోస్టుమాన్ వాడలోకి వచ్చే వేళకు వాకిట్లో ఏదో ఒక పని పెట్టుకునేది. నన్ను ఒక్కసారి నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ జనవరి వచ్చింది. ఆఫీసులో కొత్త డైరీలు పంచారు. పాత డైరీ మొదటి పేజీ తిరగేస్తే నా రాతే నన్ను వెక్కిరించింది. ఆ సాయంత్రం పుస్తకం దులిపి కూర్చున్నాను. ఎన్నాళ్లు పట్టిందో చెప్పాలంటే నోరు రావడం లేదు. పదమూడు సాయంత్రాలు. ఏడాది పొడుగునా నేను వాయిదా వేసింది పదమూడు సాయంత్రాల పని.

ఆదివారం మధ్యాహ్నం అక్క చేతులు కడుక్కొచ్చి, డబ్బా దించి నా ముందు పెట్టింది. వచ్చిన వరుస ఆమెకు తెలుసు. ఒక్కొక్కటే అందించింది. కూడబలుక్కుంటూ చదివాను.

డబ్బాలో మొదట పడ్డదాంట్లో మేకపిల్ల సంగతి, పదమూడో ఎక్కం వచ్చేసిన సంగతి. అక్క నవ్వింది. రెండోది: "అమ్మా, ఉగాది తెల్లారి బాపమ్మ నన్ను కాళేశ్వరం తోలుకొస్తది. రేవు కాడ ఉంటం. నువ్వు పడవెక్కి రా. తప్పకుండ రా." నేను ఆగాను. అక్క నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది. "చదువు" అంది.

మూడోది: "నువ్వు రాలేదు. పడవలన్ని చూసిన. బాపమ్మ ఇగ పోదాం పా అంటే ఇంకొక్క పడవ అన్న. నీకు పని ఉన్నదేమో. ఎండాకాలం సెలవులల్ల సోమవారం సోమవారం గుడికి వస్తం. ఏ సోమవారమన్న రా."

నాలుగోదాంట్లో నాలుగే వరసలు. "నువ్వు ఇచ్చిన కాయితాలు అయిపోయినయి. ఇది ఆఖరుది. ఇంక పంపుతే రాస్త. పంపకుంటే రాయొద్దన్నట్టు అనుకుంట."

అక్క ఏడవలేదు. రెండో ఉత్తరం మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. ఆ ఎండాకాలం సోమవారాలన్నీ మేం ఈ ఒడ్డునే ఉన్నాం. అక్కడికీ ఇక్కడికీ మధ్య ఒక్క పడవ దూరం.

మర్నాడు తపాలా ఆఫీసుకు పోయి పది కవర్లు కొన్నాను. ఈసారి అడ్రసు తెలుగులో కూడా రాశాను. నా జీవితంలో నేను రాసిన మొదటి తెలుగు అదే. అక్క వాటిని కొంగున కట్టుకుని, పిల్ల వస్తుందేమోనని ప్రతి సోమవారం అవతలి గుడికి పోయింది. మూడు సోమవారాలు ఉత్తచేతులతో తిరిగొచ్చింది. నాలుగో సోమవారం నేను ఆఫీసు ఎగ్గొట్టి ఇటు రేవులో నిలబడ్డాను. పొద్దు వాలుతుండగా అక్క పడవ దిగింది. ఇసుకలో నడుస్తూ తనే చెప్పింది.

"కలిసింది. నా చెవిదాక ఎదిగింది. నువ్వెందుకు రాలేదని అడిగింది."

"ఏమన్నవ్?"

"ఉత్తరాలు అందలేదన్న."

నేను నిలబడిపోయాను.

"ఇంకేం జెప్పాలె తమ్మీ? నీ మామ మస్తు చదువుకున్నోడని పిల్లకు ఎప్పటినుంచో చెప్పుకున్న. గంత చదువుకున్న మామ ఇంట్ల ఉండంగ, ఏడాది దాక చదవకుండ డబ్బాల పెట్టినమంటే పిల్ల నమ్ముతదా?"

"నమ్మిందా మరి, అందలేదంటే?"

"నమ్మింది."

కొంగు ముడి విప్పి కవర్లు నా చేతిలో పెట్టింది. పదికి పదీ ఉన్నాయి.

"పిల్ల తీసుకోలేదు. ఎట్లాగు అందవు గద, ఇంక రాసుడెందుకు అన్నది."

ఆ తర్వాత మా ఇంటికి తెలుగులో ఉత్తరం రాలేదు. నాకు చదవడం మాత్రం బాగా వచ్చింది.