ఉప్పుకండ కడిగిన రోజు

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు మా మిద్దె మీద ఒక తీగకు బట్టలు, ఇంకో తీగకు మాంసం ఆరేవి...

మాది ఎర్రగుంట్ల పక్కన పల్లె. నాయనది సిమెంటు బస్తాలు లారీలకెత్తే పని. వానలు మొదలైతే ఆ పని సగం పడిపోతుంది. అందుకే ఈస్టర్‌కు వీధిలో వాళ్లంతా కలిసి పొట్టేలు కోసినప్పుడు, మా వాటాలో కొంచెం పండగ పూటకు వండి, మిగిలినదాన్ని అమ్మ సన్నగా, పొడుగ్గా కోసేది. ఉప్పు, పసుపు దట్టంగా పట్టించి, దారానికి దండలుగా గుచ్చి, నాలుగు రోజులు ఎండబెట్టేది. అదే ఉప్పుకండ.

వానాకాలమంతా అలసందల పులుసులో ఆ ముక్కలు రెండంటే రెండు దంచి వేస్తే చాలు... సట్టి నిండా ఉన్నది మాంసం కూరేనని మేం మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లం.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఐదు. రెండో రోజు ఎండకు నన్ను కాపలా పెట్టి, అమ్మ కూలికి పోతూ చెప్పింది.

"కాకులు వాలనియ్యాకు. పిల్లి వస్తే అరుసు. తీగ ఇడిసిపెట్టి యాడికన్నా పోయినావనుకో... కాళ్లు ఇరగ్గొడ్తా."

కడగొద్దని మాత్రం చెప్పలేదు. తన కడుపున ఎంతటి మేధావి పుట్టిందో పాపం అప్పటికింకా ఆమెకు తెలియదు.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు, టార్పాలిన్ చినిగిన సిమెంటు లారీ ఒకటి మా ఇంటి ముందు గుంతలో పడి లేచింది... బూడిదరంగు మేఘం ఒకటి నేరుగా మా మిద్దెక్కింది. అది దిగిపోయేసరికి బట్టలు, మాంసం, తమ్ముడు... అందరిదీ ఒకే రంగు.

దుమ్ము పడితే కడగాలి. బియ్యమైనా, అలసందలైనా, తమ్ముడైనా... మా ఇంట్లో అందరికీ ఒకటే న్యాయం. దండలన్నీ దించి, బిందెడు నీళ్లతో మూడుసార్లు కడిగాను.

"సబ్బేద్దామా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"మెంటలోడా, మాంసానికి సబ్బేంది?" అని కసిరాను. ఆ ఒక్క విషయంలో చరిత్ర నన్ను మెచ్చుకోవాలి.

మళ్లీ తీగకు వేసి, తళతళలాడుతున్న ముక్కల్ని చూసుకుంటూ గర్వంగా కూచున్నాను. పక్క మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తున్న హుసేన్‌బీ అత్త చెయ్యి ఆగిపోయింది.

"ఏం పాపా, నీళ్లు కారతాండాయి? కడిగినావా ఏంది?"

"దుమ్ము పడింది అత్తా..."

"అయ్యో నా తల్లీ! ఉప్పంతా నీళ్లలో కలిపితివే. ఇంక అది నిలుస్తాదా? మాపటికే కంపు కొడ్తాది. మీయమ్మ ఏమంటాదో ఏమో!"

అప్పుడు మొదలైంది భయం. వానాకాలం మొత్తాన్ని నేను బిందెలో ముంచి తీశానని అర్థమైంది.

వంటింట్లోంచి రెండు గుప్పెళ్ల ఉప్పు తెచ్చి చల్లాను. కరిగి కారిపోయింది. ఈగలు వచ్చాయి. కొంగుముక్కతో విసిరాను... ఇంకా వచ్చాయి. నిమిషానికోసారి ఒక్కో ముక్కా వాసన చూశాను. ప్రతిసారీ కంపు కొట్టినట్టే ఉంది, కొట్టనట్టే ఉంది. మోకాళ్ల మీద కూచుని, "ప్రభువా, ఆ ఉప్పును ఎట్లన్నా చేసి మళ్లీ మాంసంలోకి పంపించు" అని ప్రార్థన చేశాను. తమ్ముడు ఆమెన్ అన్నాడు. ఆ వెంటనే, "అమ్మ నిన్నే కొడ్తాది. నేను చిన్నోన్ని" అని కూడా అన్నాడు.

అమ్మ వచ్చింది. మెట్ల మీద ఆమె అడుగు ఒక్కొక్కటీ నా వీపు మీదే పడుతున్నట్టుంది...

తీగ దగ్గర నిలబడింది. ఒక ముక్క వేళ్లతో నలిపింది. వాసన చూసింది. నా వైపు తిరిగింది. నేను కళ్లు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు.

కళ్లు తెరిస్తే, ఆమె దండలన్నీ దించి ఒళ్లో వేసుకుంటోంది. అమ్మ తిడితే ఆ భయానికి ఒక అంతుంటుంది... తిట్టకపోతే లేదు.

ఆ సాయంత్రం మొత్తం మాంసం ఒకే సట్టిలో ఉడికింది. నాయన కంచం చూసి హడలిపోయాడు.

"ఏమే, ఇదంతా ఒక్క పూటకేనా?"

"రేపటికి నిలవదు. నీ కూతురు ఈ పొద్దు పండగ చేసిండాది. గమ్మున తిను."

అందరికీ వడ్డించాక అమ్మ తనకూ పెట్టుకుంది. మామూలుగా ఆమెకు మిగిలేది సంగటి, అడుగున ఇంత పులుసు. ఆ రోజు అట్లా కాదు... ముక్కలు. తింది. మళ్లీ గరిటె ముంచింది. మూడోసారీ ముంచింది. బుగ్గలు నిండేట్టు నములుతూ, ఎవరినీ చూడకుండా, కంచంలోకే చూస్తూ తింది.

మా అమ్మకు మాంసమంటే ఇంత ఇష్టమని నాకు అంతవరకూ తెలియదు.

తర్వాత వానలొచ్చాయి. అలసందల పులుసులో అమ్మ తెల్లగడ్డలు దంచి వేసేది. తమ్ముడు సట్టిలో గరిటె తిప్పి తిప్పి, "అక్కా, ఏమీ తగల్లే" అనేవాడు. అమ్మ మాత్రం ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆ దెబ్బ కోసం నేను ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను.

ఇప్పుడు నాకు కర్నూలులో ఉద్యోగం. అమ్మానాయనా నా దగ్గరే. ఆదివారం కిలో తెస్తే అమ్మ దాన్ని నాలుగు కవర్లు చేసి, మూడు ఫ్రిజ్‌లో దాస్తుంది. తన కంచంలో మళ్లీ అదే పులుసు. చెప్పి చెప్పి నా నోరు పోయింది.

పోయిన ఆదివారం తెగించాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను.

"ఏందే ఆడ చేస్తాండావు?"

"కరెంటు పోయిందమ్మా... అంతా పాడైపోతాది, వండెయ్" అన్నాను. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది.

అమ్మ ఫ్యాను వైపు చూసింది. నా వైపు చూసింది. ఉద్యోగం చేసే మనిషిని... అయినా కళ్లు మూసుకున్నాను.

అమ్మ వంటింట్లోకి పోయి, పెద్ద సట్టి దించింది.

కిలో మాంసం తేవడానికి ఇప్పుడు మాకు భయం లేదు... కానీ అమ్మ కంచంలోకి రెండో గరిటె పడాలంటే, మా ఇంట్లో ఇంకా ఏదో ఒకటి చెడిపోవాల్సిందే.

మీ ఇంట్లో మాంసం ఎన్నాళ్లు నిలిచేదో, చివరి కంచం ఎవరిదో రాయండి... మా అమ్మకు చదివి వినిపిస్తా. ఈ పోస్టు మాత్రం వినిపించను. భయం.