హద్దులో లేని ఎడ్లబండి

నిజామాబాద్‌లో నేను నేర్చుకుంటున్న కంప్యూటర్ సెంటర్ సారుకు, బోధన్ దగ్గరి ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీ పని దొరికింది. చెరుకు తెచ్చేవాళ్లకు గేటు దగ్గర టోకెన్లిచ్చే ప్రోగ్రామ్. ప్రోగ్రామ్‌లు రాసే జావా భాషలో, ఒక వరుసలోకి ఏ రకానివి రావచ్చో హద్దు పెట్టే జెనరిక్స్ కొత్తగా వచ్చిన రోజులవి. నాకు వచ్చింది అరకొర, హుషారు మాత్రం బండెడు. సారు నన్నే రాయమన్నారు.

మా బాపు అదే ఫ్యాక్టరీకి ఎడ్లబండి మీద చెరుకు తోలేవాడు. ఎడ్లు ఎండకు ఆగవని గేటు వాచ్‌మన్ ముందు ఎడ్లబండ్లను పిలిచి, ఆ తర్వాతే ట్రాక్టర్లను వదిలేవాడు. ఆ పద్ధతి ప్రోగ్రామ్‌లోనూ ఉండాలని నా పంతం.

వరుసలోకి 'వాహనం' రకానివే రావాలని సారు హద్దు పెట్టారు. వాహనానికి నంబర్ ప్లేట్ ఉండి తీరాలి. ఎడ్లబండికి ప్లేట్ ఎక్కడిది? దానికి వేరే క్లాస్, అంటే వేరే రకం, రాశాను. వరుసలో పెట్టగానే, రాసినదాన్ని సరిచూసే కంపైలర్ అడ్డం తిరిగింది. ఈ రకం హద్దులో లేదట. ఎటు తిప్పి రాసినా అదే ఎర్రర్. మొండి ఘటం, తిట్టినా వినదు. ఈలోగా ఫ్యాక్టరీవాళ్లు తొందరపెట్టారు.

"ఎడ్లబండ్లు ఇంకెన్ని రోజులుంటయమ్మా, తీసెయ్యి," అన్నారు సారు. తీసేశాం. ఎర్రర్ పోయింది.

ఆ సీజన్‌లో టోకెన్ ఉన్నవన్నీ పోయాకే ఎడ్లబండ్ల వంతు. ఒకనాడు పొద్దున వెళ్లిన బాపు, మధ్యాహ్నం దాటినా తూకానికి కాటా ఎక్కలేదు. ఎండకు ఒక ఎద్దు కాడి కిందే కూలబడింది. బతికింది గానీ, మునుపటిలా బరువు లాగలేదు.

ఎండాకాలంలో జావా మీద కొత్త పుస్తకం తిరగేస్తుంటే నాకు తెలిసింది. హద్దు 'వాహనం' అని కాక, 'కాటా ఎక్కేది' అని పెడితే సరిపోయేది. లారీ, ట్రాక్టర్, ఎడ్లబండి అన్నీ దాని కిందికే వస్తాయి. అలా మార్చి, ఎడ్లబండ్లను వరుసలో ముందు పెట్టాను. కంపైలర్ కిక్కురుమనలేదు. సంతోషం కంటే ముందు ఏడుపొచ్చింది. ఈ ముక్క ప్రోగ్రామ్ రాసిన చలికాలంలోనే తట్టి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ మనసు పీకుతుంది. సారు మాత్రం వచ్చే సీజన్‌కు పెట్టిద్దామని ఒప్పుకున్నారు.

ఆదివారం ఊరికి వెళ్లి, చెప్పులైనా విడవకుండా బాపుకు చెప్పాను.

"బాపూ, ఇగ మన బండికి గూడ టోకెన్ వస్తది. ముందుగాల మననే పిలుస్తరు."

బాపు నా చేతిలోని సంచి అందుకున్నాడు.

"మంచి పని జేసినవ్ బిడ్డా. గా వాచ్‌మన్‌కు సెప్పు, బండ్లోల్లు సంబురపడ్తరు. మన ఎడ్లనైతే మొన్న అంగట్ల అమ్మిన."