మామయ్య తిట్లు నేర్చుకున్న ఫోను

కంటి ఆపరేషనయ్యాక, కుట్టుమిషన్లు బాగుచేసే మా మామయ్యను డాక్టరు కొన్నాళ్ళు ఫోన్ చూడొద్దన్నాడు. జవాబు రాకపోతే దర్జీలు వేరే కొట్టు చూసుకుంటారని ఆయన బెంగ. అత్తయ్య ఆయన పాత మెసేజ్‌లిచ్చి, ఆయనలా రాయడం ఫోనులోని ఏఐకి నేర్పింది. మర్యాద పోతుందని తిట్లు మాత్రం తీసేసింది. ఆపరేషను సంగతీ, ఏఐ సంగతీ దర్జీలకు ముందే చెప్పింది.

దారం తెగుతోందన్న దర్జీ అక్కకు అది, "దయచేసి సూదిని మార్చగలరు" అని రాసింది. పంపేముందు చదివి వినిపిస్తే మామయ్య, "ఎవడే వీడు, కొత్తల్లుడిలా నసుగుతున్నాడు?" అన్నాడు.

అత్తయ్య తీసేసిన తిట్లు కూడా దానికిచ్చింది. ఈసారి, "మొద్దుబారిన సూదితో కుడుతూ మిషన్ని ఆడిపోసుకుంటావేం తల్లీ? ముందు సూది మార్చు" అని వచ్చింది. మామయ్య పంపమన్నాడు.

"తిట్టింది మామయ్యా, ఫోనా? ఎవరైతేనేం, దారం తెగట్లేదు. కంటి కట్టు విప్పగానే రెండో మిషన్ తెస్తా" అని అక్క జవాబిచ్చింది.

"కొట్టు నిలబడిందే" అంటూ మామయ్య హాయిగా నడుం వాల్చాడు.